గడప మట్టం

ఇల్లు కొనేవాళ్లు ఎండలో వచ్చి చూస్తారు. ఆమె వానలో వచ్చి చూసింది.

అది వాళ్ల వృత్తి నేర్పిన తెలివి. భర్త మట్టాలు చూసే మనిషి. ఎవరైనా స్థలమో ఇల్లో కొనేముందు ఆయన్ని పిలిపించుకుంటారు. మూడుకాళ్ల స్టాండు మీద యంత్రం బిగించి, ఒక కన్ను మూసి చూసి, ఇది పల్లమా మెరకా, వరదొస్తే నీళ్లు ఎందాకా వస్తాయి అని రాసిస్తాడు. ఎదర అంకెల కొలకర్ర నిలబెట్టి పట్టుకునేది ఆమె. పంతొమ్మిదేళ్లుగా ఎవరెవరి గడపల మీదో కర్ర పట్టుకుని నిలబడింది. తన గడప మీద నిలబడ్డం అదే మొదటిసారి.

ఇంటికి వంక పెట్టడానికేం లేదు. రెండు గదులు, వంటిల్లు, వంటింటి పైన అటక, దాని మీద రేకులు. ఆమె గోడ మూలల్లో వేలి కణుపులతో కొట్టి చూసింది. అల్మరా వెనక ముక్కు పెట్టి వాసన చూసింది. ఫ్యాక్టరీ పొగ ఏ నెలలో ఎటు తిరుగుతుందో, ఎండాకాలం బోరు ఎండుతుందో లేదో అడిగి తెలుసుకుంది. గుమ్మం దగ్గర కరెంటు స్తంభం చుట్టూ తిరిగి, పాత బురద చార ఏమైనా ఉందా అని గోటితో గీకింది.

"అమ్మా, ఇల్లు చూస్తున్నావా, పెళ్లికొడుకుని చూస్తున్నావా?" అంది కూతురు. పదకొండేళ్లది. నోరు మూతపడదు గనక అందరూ పిచ్చుక అనేవాళ్లు.

"పెళ్లికొడుకుని ఇంత చూడలేదే. చూసుంటే ఈపాటికి మీ నాన్న ఎక్కడో ఉండేవాడు."

"విన్నాన్లే," అన్నాడు ఆయన, యంత్రం బిగిస్తూ.

ఒక్కటే ఆమెకి నచ్చలేదు. స్విచ్చిబోర్డులన్నీ తల ఎత్తులో ఉన్నాయి. నీళ్లు చూసిన ఇళ్లలో అలా పెట్టిస్తారు. అదే అడిగింది.

"మా పాపకి అందకూడదని పెట్టించాను," అన్నాడు అమ్మే ఆయన.

"పాప ఏం చదువుతోందండీ?"

ఆయన తాళాలగుత్తిలో ఏదో వెతుక్కున్నాడు. "అటక చూశారా? మంచి గట్టిది," అన్నాడు.

పక్కన ఇస్త్రీ షాపు ఉంది. అక్కడి ఆమెని అడిగింది, ఇక్కడికి నీళ్లొస్తాయా అక్కా అని.

"వస్తే నేను ఇస్త్రీ షాపు పెడతానా చెల్లీ, ఉతుకుడు షాపు పెడతాను గానీ," అని నవ్వింది. ఆవిడ ఆ వీధికి వచ్చి రెండేళ్లే. ఎన్నాళ్లయిందని ఆమె అడగలేదు. అడగాల్సింది.

ఇంక మట్టం చూడ్డమే మిగిలింది. ఆ పనికి ఎక్కడో ఒక చోట మొదలుపెట్టాలి. అక్కడక్కడా రోడ్డు పక్కన చిన్న రాళ్లుంటాయి. ఇక్కడి నేల ఇంత ఎత్తు అని ఎప్పుడో కొలిచినవాళ్లు వాటి మీద అంకె చెక్కిపోతారు. ఆ అంకెని నమ్మి, అక్కణ్నుంచి కొలుచుకుంటూ పోవాలి. అయితే ఒక్క రాయిని ఎప్పుడూ నమ్మకూడదు. రెండో రాయి దాకా వెళ్లి లెక్క సరిచూసుకోవాలి. ఈ పని నేర్పిన మామగారు పోయేదాకా చెప్పిన మాట అదే.

వీధి చివర ఒక రాయి దొరికింది. దాన్నిబట్టి చూస్తే సర్కారు లెక్కల్లో ఉన్న పాత వరద మట్టం కంటే ఈ గడప మూడడుగులు పైన. రెండో రాయి రైలుకట్ట అవతల, మూడు కిలోమీటర్లు. ఆయన మోకాలు వాచి ఉంది. జల్లు పెద్దదవుతోంది.

"అదీ చూసేద్దామా?" అన్నాడు.

"మనింటికే కదండీ," అంది ఆమె. "ఎవరికి రాసివ్వాలి?"

ఆ మాట అన్నది ఆమే. ఆయన కాదు.

ఆఖరి చూపుకి ఆమె గడప మీద కర్ర నిలబెట్టింది. పదిహేను గజాల దూరంలో ఆయన యంత్రంలోకి వంగాడు. యంత్రం తడవకుండా పిచ్చుక పక్కనే గొడుగు పట్టింది.

"నాన్నా, కర్ర నిలువుగా ఉందా, అమ్మ నిలువుగా ఉందా?"

ఎప్పుడూ అనే మాటే. ఎప్పుడూ నవ్వే ఆయన ఈసారి నవ్వలేదు.

"నీ పక్కన ఆ పిల్లెవరు?" అని కేకేశాడు. "ఎనిమిది అంకె మీద చెయ్యి పెట్టింది. తియ్యమను."

ఆమె అటూ ఇటూ చూసింది. గడప మీద ఆమె ఒక్కతే ఉంది. ఎనిమిది అంకె ఆమె తలకి చాలా పైన ఉంది.

"ఎవరూ లేరండీ!"

ఆయన కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. తర్వాత, సామాన్లు సర్దుతున్నప్పుడు, పిచ్చుకకి వినబడకుండా చెప్పాడు. ఆ యంత్రం మామగారి నాటిది. అందులో చూస్తే అన్నీ తలకిందులుగా కనబడతాయి. మనిషైతే కాళ్లు పైన, తల కింద. పంతొమ్మిదేళ్లుగా పెళ్లాన్ని ఆయన అలాగే చూశాడు.

"ఆ పిల్ల మాత్రం నిటారుగా ఉందే," అన్నాడు. "తల పైన, కాళ్లు కింద."

అంటే నిజానికి... ఆమె పూర్తిగా ఆలోచించలేదు. అద్దం మీద చినుకు పడుంటుంది అంది. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లమని ఎన్నాళ్లుగా చెబుతున్నాను అని కూడా అంది.

ఇల్లు కొన్నారు.

రెండు నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత వాన పట్టుకుంది. నాలుగు రోజులు తెరిపి లేదు. ఆయన పని మీద పొరుగూరు వెళ్లాడు. యంత్రం తీసుకెళ్లాడు. పొడుగు కర్ర బస్సులో పట్టదని, అక్కడ ఇంకోటి ఉందని, అటక మీద పెట్టి వెళ్లాడు. చెక్క కర్ర, అడుగున ఇనప తొడుగు.

ఐదోరోజు మధ్యాహ్నం మూడింటికి చీకటి పడ్డట్టయింది. కరెంటు పోయింది. ఆమె వంటింట్లో బియ్యం కడుగుతోంది. బాత్రూంలో గడగడమని చప్పుడైంది. నీళ్లు దిగే చప్పుడు కాదది. ఎక్కే చప్పుడు. తూములోంచి నల్లటి నీళ్లు ఉబికి వస్తున్నాయి. వాటితోపాటే వాసన... కుళ్లిన ఆకు, కిరసనాయిలు, చచ్చిన ఎలుక.

"పిచ్చుకా! పుస్తకాలు పైన పెట్టు."

"ఎంత పైన?"

"గూట్లో పెట్టు చాలు. మన గడప మూడడుగులు మెరకే."

పావుగంటలో గూడు మునిగింది.

వీధి తలుపు తెరుచుకోలేదు. అవతల నీళ్ల బరువు. కిటికీలోంచి చూస్తే వీధి లేదు. గోధుమరంగు నీళ్లు పరుగెడుతున్నాయి. ఒక గేదె కొట్టుకొచ్చింది. ఎదురింటి గోడకి తగిలి, దాని మెడ వెనక్కి విరిగి, అలాగే తిరుగుతూ పోయింది. ఎవరో అరిచారు. ఆ అరుపు సగంలో ఆగిపోయింది.

ఆమె నిచ్చెన వేసింది. ముందు తనెక్కింది. అటక తలుపు మూరన్నర చదరం. బరువుగా ఉంటుంది, పిల్ల ఎత్తలేదు. తలుపు పక్కకి నెట్టి, బోర్లా పడుకుని, కిందికి చెయ్యి చాపింది.

"రా. పట్టుకో."

పిచ్చుక మూడో మెట్టు మీద ఉంది. "అమ్మా, నీ చెయ్యి వణుకుతోంది," అంది. "కర్ర పట్టుకుంటే వణకదుగా."

అప్పుడు పెరటిగోడ కూలింది.

వంటింటి తలుపు పలకలు పలకలుగా పగిలి లోపలికొచ్చింది. వెనకాలే నీళ్లు. నిచ్చెన పుల్లలా విరిగింది. పిల్ల ఎగిరి గోడకి కొట్టుకోవడం ఆమె చూసింది. తల తగిలిన చప్పుడు విన్నది. ఆ తర్వాత అంతా నలుపే. గిన్నెలు, సిలిండరు, పిల్ల, అన్నీ ఒకటే నలుపు. గుడగుడమంటూ సుడి తిరుగుతోంది.

"పిచ్చుకా!"

నీళ్లు పైకొస్తున్నాయి. అటక తలుపుకి మూరెడు దూరం. జానెడు...

చెయ్యి దొరికింది.

చిన్న చెయ్యి. తడిసిన చెయ్యి. అది ఆమె మణికట్టు పట్టుకుంది. నెమ్మదిగా, గట్టిగా.

"అమ్మా," అంది కిందనుంచి.

ఆమె ఏడ్చేసింది. లాగబోయింది. అప్పుడే ఇంకో పక్కనుంచి ఇంకో చెయ్యి వచ్చి ఆమె జుట్టు పట్టుకుంది.

అది నెమ్మదిగా పట్టుకోలేదు. పీకింది. గోళ్లు నెత్తిలో దిగాయి. ఆమె మొహం నీళ్లలోకి పోయింది. బురద మింగింది. తల పైకి లాక్కుంటే కుదుళ్లతో సహా జుట్టు ఊడింది. ఆ చెయ్యి ఇప్పుడు అటక చెక్క అంచు పట్టుకుని గీరుతోంది. పట్టు జారుతోంది, మళ్లీ గీరుతోంది.

"అమ్మా! అమ్మా!" అంది అటువైపు నుంచి.

"అమ్మా," అంది ఇటువైపు నుంచి.

రెండూ ఒకే గొంతు.

రెండు చేతులూ ఒకే పొడుగు. చీకట్లో మొహాలు లేవు. అటక తలుపులోంచి ఒకసారికి ఒక్కరే దూరగలరు.

"ఎవరే నువ్వు?" అని గుసగుసగా అంది.

"నేనే అమ్మా," అంది మణికట్టు పట్టుకున్నది. "దాన్ని రానివ్వకు."

రెండోది మాట్లాడలేదు. నీళ్లు మింగుతోంది. దగ్గుతోంది. ఆ చెయ్యి మళ్లీ లేచి, ఆమె మొహం మీద పడి, చెంప చీరేసింది. కంట్లో వేలు పొడుచుకుంది. ఎంత బలం! పిల్లకి ఇంత బలం ఎక్కణ్నుంచొస్తుంది? ఇది నా బిడ్డ కాదు. ఇది నన్ను లోపలికి లాగడానికొచ్చింది.

పక్కన కర్ర తగిలింది.

ఎడం చేత్తో మొదటి చెయ్యిని పట్టుకునే, కుడిచేత్తో కర్ర ఎత్తి ఇనప తొడుగుతో పొడిచింది.

మళ్లీ చెక్క అంచు పట్టుకున్న వేళ్ల మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు చెరుగ్గడ విరిచినట్టు వినబడింది. చెయ్యి వదల్లేదు. మళ్లీ పొడిచింది. పళ్లు బిగించి, ఎవర్నో పేరు తెలియని దాన్ని తిడుతూ, మూడోసారి, నాలుగోసారి. ఏదో తెగి నీళ్లలో పడింది. మొహం మీద చిమ్మింది. పెదాల మీద ఉప్పగా తగిలింది.

వెచ్చగా ఉంది.

అప్పుడది వదిలేసింది. "అమ్..." అంది. అంతే. నీళ్లు మూసుకున్నాయి.

మణికట్టు పట్టుకున్నదాన్ని ఆమె పైకి లాగింది. సులువుగా వచ్చేసింది. బరువే లేదు.

తర్వాత రేకుల్ని కర్రతో పొడిచి పొడిచి చీల్చింది. చేతులు కోసుకుపోయాయి. ఇద్దరూ కప్పు మీదికెక్కారు. వాన. కింద, రేకుల అడుగున, నీళ్లు అటక చెక్కని తాకి తడుతున్న చప్పుడు.

గంట తర్వాత పడవ వచ్చింది. లావుపాటి ఆయనొకడు తెడ్డు వేస్తున్నాడు. తాడు విసిరాడు.

"ఎంతమంది తల్లీ?"

"ఇద్దరం."

పిల్లని ఎక్కించాడు. ఆమెని ఎక్కించాడు. తెడ్డు ఆపి చెవి ఒగ్గాడు. "లోపలెవరో కొడుతున్నట్టుంది. ఇంకెవరైనా ఉన్నారా?"

ఆమె పిల్లని దగ్గరికి తీసుకుంది. పిల్ల ఆమె మణికట్టు వదల్లేదు.

"లేరు," అంది.

పడవ కదిలింది.

బడిలో పెట్టిన శిబిరానికి మర్నాడు ఆయన వెతుక్కుంటూ వచ్చాడు. పిల్లని చూసి నేల మీద కూలబడి ఏడ్చాడు. "నా పిచ్చుకే! నా పిచ్చుకే!" అని తల నిమిరాడు. పిచ్చుక ఏమీ అనలేదు. వేళాకోళమాడలేదు. పెట్టింది తిని, మూల కూర్చుంది. జుట్టు ఎంత తుడిచినా చివర్లు తడిగానే ఉండేవి.

"భయపడింది. మాటలు వస్తాయిలెండి," అన్నాడు డాక్టరు.

తలకి దెబ్బ తగిలిందేమో చూడమని ఆమె అడిగింది. గోడకి తగిలిన చప్పుడు తను విన్నదని చెప్పింది. డాక్టరు జుట్టు పాయలు తీసి చూశాడు.

"చిన్న గీత కూడా లేదమ్మా. మీ అదృష్టం."

ఆ రాత్రి ఆమె పెదాలు తుడుచుకుంటూనే ఉంది. చన్నీళ్లలో చచ్చినదాని నెత్తురు వెచ్చగా ఉంటుందా? మునిగిపోయేవాళ్లు నెమ్మదిగా పట్టుకుంటారా, పీక్కుంటారా? ఎవర్నడుగుతుంది? ఆయనకి చెప్పలేదు. రెండో చెయ్యి సంగతి ఎవరికీ చెప్పలేదు. శిబిరంలో తప్పిపోయినవాళ్ల కోసం రోజూ వెతికేవాళ్లు, పేర్లు పిలిచేవాళ్లు. ఆ పిల్ల కోసం ఎవరూ వెతకలేదు. దొరికిందిగా.

నీళ్లు తీశాక ఇంటికి వెళ్లారు. ఇస్త్రీ షాపు ఆమె పెట్టె పారేసుకుని, గుమ్మంలో బురద తోడుతోంది.

"వీధి చివరి రాయా?" అంది ఆయన అడిగితే. "రోడ్డు వేసినప్పుడు పీకేశారంట అన్నయ్యా. ఆ పైచివర ఉండేదంట. పీకినవాడు ఒకడు, పాతినవాడు ఇంకొకడు. ఎక్కడ గుంట దొరికితే అక్కడ పెట్టిపోయాడు. నాకూ ఈ వారంలోనే ఎవరో చెప్పారు." గొంతు తగ్గించింది. "అమ్మినాయన కూతురు పోయినసారి వరదలో పోయిందంట. ఆ అటక తలుపు ఎత్తలేకపోయిందంట. కాళ్లు దూలానికి చిక్కుకుని, తలకిందులుగా దొరికిందంట."

ఆయనకి అదేమీ ఎక్కలేదు. ఎన్నడుగులు తప్పానో, ఎన్నడుగులు తప్పానో అని గొణుక్కుంటూ యంత్రం తీశాడు. ఈసారి రైలుకట్ట అవతలి రాయి నుంచి మొదలుపెట్టాడు. కుంటుకుంటూ, మూడు కిలోమీటర్లు కొలుచుకుంటూ వచ్చాడు. కప్పు మీద మిగిలిన కర్ర తెచ్చి పట్టుకుని ఆమె నడిచింది. పిల్ల వెనక నడిచింది. గడప దగ్గరికి వచ్చేసరికి ఎండ బాగా కాస్తోంది.

ఆమె లోపలికి చూసింది. గోడ మీద బురద గీత, తాడు పట్టి గీసినట్టు. కర్ర ఆనించి చూసింది. ఎనిమిదడుగుల రెండంగుళాలు. అటక అంచు చెక్క మీద నాలుగు లోతు గంట్లు ఉన్నాయి. నాలుగూ ఆమె పొడిచినవే. వంటింట్లో మోకాలి లోతు బురద ఇంకా ఎవరూ ఎత్తలేదు.

"నేను పట్టుకుంటాను నాన్నా," అంది పిల్ల.

వారం రోజుల్లో అది మాట్లాడిన మొదటి మాట. ఆయన మొహం వెలిగింది. "నా తల్లే! పట్టుకో, పట్టుకో."

కర్ర చేతికిచ్చి ఆమె ఆయన పక్కకి వచ్చి నిలబడింది. ఆయన యంత్రంలోకి వంగాడు. మర తిప్పాడు. ఆగాడు. మళ్లీ తిప్పాడు. ఆయన మెడ మీద చెమట పట్టడం ఆమె చూసింది.

"ఏవండీ?"

ఆయన నిటారుగా లేచాడు. "నువ్వు చూడు," అన్నాడు, గాలితో అన్నట్టు.

ఆమె వంగింది.

గుండ్రటి వెలుగు. గడప పైనుంది. ఆకాశం కిందుంది. కర్ర మీద అంకెలన్నీ తలకిందులుగా ఉన్నాయి. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి.

పిల్ల నిటారుగా ఉంది.

తల పైన, కాళ్లు కింద. జుట్టు పైకి లేచి, నీళ్లలో ఆడినట్టు ఆడుతోంది. అరచెయ్యి ఎనిమిది అంకె మీదుంది. ఐదు వేళ్లూ ఉన్నాయి. గీత కూడా పడని వేళ్లు. అది యంత్రంలోంచి సూటిగా ఆమెనే చూస్తోంది.

ఆమె కన్ను తీసి ఎదురుగా చూసింది. గడప మీద, ఎండలో, మామూలుగా నిలబడి ఉంది. పెదాలు బిగించుకుని ఉంది.

అప్పుడు ఇంట్లోంచి వినబడింది. వంటింట్లోంచి, కిందనుంచి, బురదలోంచి... వేళాకోళంగా, కొంచెం దగ్గుతూ.

"నాన్నా... కర్ర నిలువుగా ఉందా, అమ్మ నిలువుగా ఉందా?"

గడప మీదున్న పిల్ల పెదాలు కదల్లేదు.